సిగరెట్టు పెట్టె మీద పదేళ్ళ పోరు

మా వీధి మలుపులో ఒక కిళ్ళీ కొట్టు ఉంది. మొన్న సాయంత్రం నేను అక్కడ నిలబడి ఉండగా, మా పక్కింటి పెద్దాయన మనుమరాలిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనకు వక్కపొడి కావాలి, పిల్లకు బిళ్ళలు కావాలి. కొట్టువాడు బిళ్ళల సీసా మూత తీసేలోగా పిల్ల కళ్ళు సిగరెట్టు పెట్టెల మీద పడ్డాయి.

"తాతయ్యా, ఆ బొమ్మేమిటి? ఆ మనిషికి ఏమయింది?"

"జబ్బు చేసిందమ్మా. సిగరెట్టు కాలిస్తే అలా అవుతుందని వేశారు."

"మరి మీరు పూర్వం కాల్చేవారుట గదా, నాయనమ్మ చెప్పింది. అప్పుడు ఈ బొమ్మ చూడలేదూ?"

పెద్దాయన నవ్వి ఊరుకున్నారు. తిరిగి వస్తూ దారిలో నాతో మెల్లిగా అన్నారు: "మా రోజుల్లో పెట్టె మీద బంగారు రంగు అక్షరాలు ఉండేవండీ. అంతే."

ఆ బొమ్మ అక్కడికి అంత తేలికగా రాలేదు. పొగాకు పెట్టెల మీద హెచ్చరిక బొమ్మలు వేయాలని కేంద్ర ప్రభుత్వం మొదట నిబంధనలు చేసింది 2006లో. పెట్టెకు రెండు వైపులా 85 శాతం మేర బొమ్మా, హెచ్చరికా కనబడడం మొదలయింది 2016లో. అరచేతిలో ఇమిడే అట్టముక్క మీద ఎంత జాగా ఎవరిదన్న తగాదా తెగడానికి పదేళ్ళు పట్టిందన్నమాట. ఆ పదేళ్ళలోనూ, అంతకు ముందు ఇతర దేశాలలోనూ ఏం జరిగిందో తెలుసుకుంటే, పెద్ద కంపెనీలు ప్రభుత్వాల చేత తమకు ఇష్టమైన పని ఎలా చేయించుకుంటాయో, ఇష్టం లేని పని ఎలా ఆపించుకుంటాయో బోధపడుతుంది.

పైరవీ అనే మాట మనకు కొత్త కాదు. ఆఫీసులో ఫైలు కదలాలంటే తెలిసినవాడి చేత ఒక మాట చెప్పించుకోవడం మనలో చాలామంది ఎరిగిన సంగతే. ఇంగ్లీషువారు దీనినే కాస్త గౌరవంగా 'లాబీయింగ్' అన్నారు. లాబీ అంటే సభామందిరం వెలుపలి హాలు. ఆ హాలులో సభ్యులను పట్టుకుని తమ గోడు చెప్పుకోవడం నుంచి ఆ మాట పుట్టింది. మన పైరవీ ఒక ఫైలుకు. కంపెనీల పైరవీ ఏకంగా చట్టానికే. తేడా అంతే.

రాజనీతిలో మన పెద్దలు నాలుగు ఉపాయాలు చెప్పారు: సామం, దానం, భేదం, దండం. పొగాకు కంపెనీల చరిత్ర చదువుతూంటే, ఈ నాలుగూ వాళ్ళకెవరో గురుముఖతః నేర్పినట్లే తోస్తుంది.

సామం

1964 జనవరి 11న అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి లూథర్ టెర్రీ ఒక నివేదిక ప్రకటించారు. సిగరెట్టు ఊపిరితిత్తుల కాన్సరుకు కారణమని అందులో తేల్చి చెప్పారు. ఆ రోజు శనివారం. షేర్ల బజారు మూసి ఉన్న రోజు చూసి మరీ ప్రకటించారంటే, ఆ మాటకు ఎంత బరువు ఉందో ఊహించుకోవచ్చు.

వెంటనే అక్కడి వాణిజ్య సంఘం, అనగా వ్యాపార ప్రకటనలలో మోసాలు అరికట్టే ప్రభుత్వ సంస్థ, ఒక నిబంధన తయారు చేసింది. సిగరెట్టు వల్ల కాన్సరూ, ఇతర జబ్బులూ వచ్చి మనిషి చనిపోవచ్చునని పెట్టెల మీదనే గాక, ప్రకటనలలో కూడా చెప్పాలన్నది.

కంపెనీలు కేకలు వేయలేదు. ఎర్ల్ క్లెమెంట్స్ అనే పెద్దమనిషిని తమ తరఫున పెట్టుకున్నాయి. ఆయన కెంటకీ రాష్ట్రానికి పూర్వపు సెనేటరు. కెంటకీ పొగాకు పండే సీమ. పైగా ఆయన సెనేటులో లిండన్ జాన్సన్‌కు కుడిభుజంగా పనిచేసినవాడు. 1964 నాటికి ఆ జాన్సనే అధ్యక్షుడు! ఇక తలుపు తట్టవలసిన పనేముంది?

1965లో అమెరికన్ కాంగ్రెసు చట్టం చేసింది. పెట్టె మీద హెచ్చరిక ఉండాలన్నది. ప్రజలు సంతోషించారు. కాని చట్టాన్ని విప్పి చూస్తే లోపల ఉన్నది వేరు. చావు మాట పోయింది, కాన్సరు మాట పోయింది. 'ఆరోగ్యానికి హానికరం కావచ్చు' అన్న చప్పటి వాక్యం మిగిలింది. ప్రకటనలలో హెచ్చరిక అడగడానికి 1969 దాకా ఎవరికీ అధికారం లేకుండా చేశారు. పెట్టె మీద చెప్పవలసిన మాటను రాష్ట్రాలు మరింత గట్టిగా చెప్పించడానికీ వీలు లేకుండా పోయింది. చట్టం రాకుండా ఆపడం కంటే, వచ్చే చట్టాన్ని తామే కత్తిరించి కుట్టించుకోవడం మేలని కంపెనీలు గ్రహించాయి. ఈ పాఠాన్ని తరువాత అనేక వ్యాపారాలవారు శ్రద్ధగా చదువుకున్నారు.

దానం

రెండవది డబ్బు. ఇది ఒక్క పొగాకువారి మాట కాదు. అన్ని కంపెనీలదీ.

ఎంగిలి చేత్తో కాకిని తోలని వ్యాపారి రాజకీయ పార్టీకి లక్షలు, కోట్లు చందా ఇస్తే, ఎందుకిస్తున్నాడని అడగకుండా ఉండగలమా? ఈ ప్రశ్న మన దేశంలో 1957లోనే కోర్టు ముందుకు వచ్చింది. రాజకీయ పార్టీలకు చందాలిచ్చేందుకు వీలుగా తమ నిబంధనలు మార్చుకోనివ్వమని టాటా ఇనుము, ఉక్కు కంపెనీ బొంబాయి హైకోర్టును కోరింది. నాటి చట్టంలో అడ్డు లేదు కనుక ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా అనుమతించక తప్పలేదు. కాని తీర్పులో ఆయన ఒక హెచ్చరిక చేశారు. ఈ పద్ధతి ముదిరితే చివరకు ప్రజాస్వామ్యం గొంతే నొక్కగలదనీ, పార్లమెంటు ఈ విషయం ఆలోచించాలనీ ఆ మాటల తాత్పర్యం.

పార్లమెంటు ఆలోచించింది, తరువాత మరచిపోయింది, మళ్ళీ ఆలోచించింది. 1960లో చందాలకు పరిమితి పెట్టారు. 1969లో మొత్తం నిషేధించారు. 1985లో మళ్ళీ తలుపు తీశారు. 2013 చట్టంలో లాభాల సగటులో ఏడున్నర శాతం మించరాదన్నారు. 2017లో ఆ హద్దు కూడా తీసేశారు. 2018 నుంచి ఎన్నికల బాండ్లు వచ్చాయి. కంపెనీ బ్యాంకులో బాండు కొని పార్టీకి ఇస్తుంది. ఎవరు ఎవరికి ఇచ్చారో ఓటరుకు తెలియదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీం కోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పథకాన్నీ, హద్దు లేని చందాలనూ ఏకగ్రీవంగా కొట్టివేసింది. డబ్బు ఇచ్చి పుచ్చుకునేవారు విధానాలను ప్రభావితం చేయగలరు కనుక, ఆ సంగతి తెలుసుకునే హక్కు ఓటరుకు ఉన్నదని చెప్పింది. 1957లో చాగ్లా గారు వేలెత్తి చూపిన చోటికే 67 ఏళ్ళ తరువాత తిరిగి వచ్చామన్నమాట.

భేదం

మూడవ ఉపాయం అన్నిటికంటె సూక్ష్మమైనది. 1953 డిసెంబరులో సిగరెట్టు తారు పూసిన ఎలుకల చర్మానికి కాన్సరు వచ్చిందన్న పరిశోధన వెలువడింది. ఆ నెలలోనే అమెరికన్ పొగాకు కంపెనీల అధ్యక్షులు న్యూయార్కులోని ప్లాజా హోటలులో సమావేశమయ్యారు. మామూలుగా ఒకరి మొహం ఒకరు చూడని పోటీదారులు! ప్రచార కళలో ఆరితేరిన జాన్ హిల్ వారికి సలహాదారు.

1954 జనవరి 4న 400కు పైగా అమెరికన్ పత్రికలలో పెద్ద ప్రకటన వచ్చింది. మా వస్తువు హానికరమని మేము నమ్మడం లేదు. అయినా ప్రజారోగ్యమే మాకు అన్నిటికంటె ముఖ్యం. కనుక పరిశోధన కోసం ఒక సంఘం పెడుతున్నాము అని దాని సారాంశం. ఎంత మర్యాదగా ఉందో చూశారా? సిగరెట్టు మంచిదని అనలేదు. 'ఇంకా తేలలేదు' అన్నారు. ఆ రెండు మాటలతో దశాబ్దాలు నెట్టుకొచ్చారు. 1969లో ఒక కంపెనీ తన లోపలి కాగితంలో, మనం తయారు చేసే సరుకు సందేహమేనని రాసుకున్నది కూడా. 1998లో అమెరికన్ రాష్ట్రాలతో జరిగిన రాజీ వల్ల ఇటువంటి కాగితాలు లక్షల సంఖ్యలో బయటపడ్డాయి. 2006లో అక్కడి న్యాయమూర్తి గ్లాడిస్ కెస్లర్, కంపెనీలు దశాబ్దాల తరబడి ప్రజలను మోసగించాయని తీర్పు చెప్పారు. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత ఈ విషయంలో రెండు విధాలా నిజమయింది.

శాస్త్రజ్ఞుడికీ శాస్త్రజ్ఞుడికీ మధ్య భేదం పెట్టడం ఒకటి. రైతుకూ డాక్టరుకూ మధ్య భేదం పెట్టడం మరొకటి. ఇది మన ఇంటి సంగతి.

వర్జీనియా పొగాకు గుంటూరు సీమ పేరు దేశదేశాల్లో మోగించింది. పొగాకు పరిశోధన సంస్థను 1947లో రాజమండ్రిలో పెట్టారు. పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరులో ఉంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, జంగారెడ్డిగూడెం వేలం కేంద్రాలలో బేళ్ళు అమ్ముకునే కుటుంబాలు ఎన్నో. బ్యారన్‌లో మంట ఆరకుండా రాత్రిళ్ళు కాపలా కాసే రైతు కష్టం నిజం. ఆ పంట పోతే ఏమి వేసుకోవాలన్న అతని భయమూ నిజమే. దానిని తేలికచేసి మాట్లాడడం న్యాయం కాదు.

కాని పెట్టె మీది బొమ్మ పెరిగితే రైతు మునిగిపోతాడన్న వాదన ఢిల్లీలో గట్టిగా వినబడుతున్న 2015లోనే, వేలం కేంద్రాలలో ధరలు పడిపోయాయి. కొనేవారు ముందుకు రాలేదు. ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. అప్పటికి పెట్టెల మీద పెద్ద బొమ్మ రానేలేదు! మన వర్జీనియా ఆకులో పెద్ద భాగం విదేశాలకు పోయేదే. ధర నిలబడడం, పడడం అక్కడి గిరాకీని బట్టి, వేలంలో కొనే కొద్దిమంది చేతిని బట్టి ఉంటుంది. ఢిల్లీలో రైతు పేరు చెప్పడం సులువే. కొండపిలో అతని బేలుకు ధర చెప్పేటప్పుడు ఆ ప్రేమ ఏమయింది? ఇది అడగవలసిన ప్రశ్న.

దండం

మంచి మాట, డబ్బు, సందేహం పారనిచోట బెదిరింపు ఉండనే ఉంది. దక్షిణ అమెరికాలో ఉరుగ్వే అని చిన్న దేశం. పెట్టె మీద 80 శాతం హెచ్చరిక వేయమన్నందుకు 2010లో ఫిలిప్ మోరిస్ కంపెనీ ఆ దేశం మీద అంతర్జాతీయ న్యాయమండలిలో దావా వేసింది. ఆ దేశం ఆరేళ్ళు కొట్లాడి 2016లో గెలిచింది. ఖర్చుల కింద కంపెనీయే 70 లక్షల డాలర్లు ఇవ్వవలసి వచ్చింది. ఉరుగ్వే నిలబడింది, సరే. కాని ఆ ఆరేళ్ళూ ఆ దావాను చూసి జంకి, తమ నిబంధనలు పక్కన పెట్టుకునే ప్రభుత్వాలు ఉండవా? దండోపాయం అసలు ఫలితం అదీ.

మన దేశంలోనూ 2016 ఏప్రిల్ 1న కొత్త నిబంధన అమలులోకి రాగానే పెద్ద కంపెనీలు కర్మాగారాలు కొన్నాళ్ళు మూశాయి. దేశంలోని పలు హైకోర్టులలో వ్యాజ్యాలు నడిచాయి. మే నెలలో సుప్రీం కోర్టు, ముందు నిబంధన పాటించండి అని చెప్పి, కేసులన్నిటినీ కర్ణాటక హైకోర్టుకు పంపింది. 2017 డిసెంబరులో ఆ హైకోర్టు 85 శాతం నిబంధనను కొట్టివేసింది. 2018 జనవరి 8న సుప్రీం కోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. బొమ్మ మిగిలింది.

ఆలస్యమే అమృతం

ఆలస్యం చేస్తే అమృతం కూడా విషమవుతుందని మనవారంటారు. కంపెనీల లెక్కలో ఇది తలకిందులు. వారికి ఆలస్యమే అమృతం.

2006 నాటి నిబంధనలు 2007లో అమలు కావలసినవి. వాయిదా, మళ్ళీ వాయిదా. మధ్యలో పుర్రె, ఎముకల గుర్తు తప్పనిసరి కాకుండా చట్టమే సవరించారు. చివరకు 2009 మే 31న బొమ్మ వచ్చింది గాని, పెట్టెకు ఒకవైపున 40 శాతమే. సిగరెట్టుకు ఎక్స్‌రే నీడలాంటి ఊపిరితిత్తులు, నమిలే పొగాకుకు తేలు. తేలు బొమ్మ చూసి ఎవరికి కాన్సరు గుర్తుకు వస్తుంది?

2014 అక్టోబరులో 85 శాతం నిబంధన ప్రకటించి, 2015 ఏప్రిల్ 1 నుంచి అమలన్నారు. గడువు ఇంకా కొద్ది రోజులుందనగా పార్లమెంటరీ సంఘం ఒకటి దానిని ఆపమన్నది. పొగాకు వల్లనే కాన్సరు వస్తుందని మన దేశపు పరిశోధన ఏదీ చెప్పలేదని ఆ సంఘం అధ్యక్షుడే అన్నారు. అందులో ఒక సభ్యుడు స్వయంగా బీడీ వ్యాపారి! ఎడాపెడా బీడీలు కాల్చి ఆరోగ్యంగా ఉన్నవారిని చూపగలనని ఆయన పత్రికలవారితో చెప్పారు. దొంగ చేతికి తాళం ఇవ్వడమంటే ఇదేనని దేశమంతా గగ్గోలు పుట్టింది. అయినా నిబంధన ఏడాది ఆగింది. 2016 మార్చిలో ఆ సంఘం 50 శాతం చాలునని తుది నివేదిక ఇచ్చింది. ఈసారి మాత్రం ప్రభుత్వం వినలేదు.

కంపెనీ కేసు ఓడిపోయినా నష్టపోదు. వాయిదా పడిన ప్రతి ఏడూ పాత పెట్టెలతో వ్యాపారం సాగిన ఏడే. ఆ ఏడాదిలో మొదటి సిగరెట్టు వెలిగించిన కుర్రవాడికి మాత్రం ఆ ఏడు తిరిగి రాదు.

మన వాటా

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. కంపెనీ అయినా తన మాట ప్రభుత్వానికి చెప్పుకోవడం తప్పు కాదు. రైతు సంఘం చెప్పుకుంటుంది, ఉపాధ్యాయ సంఘం చెప్పుకుంటుంది, కిళ్ళీ కొట్టువాడూ చెప్పుకుంటాడు. అన్నీ వినకుండా చట్టం చేస్తే అదీ ప్రమాదమే. తప్పు ఎక్కడంటే, ఆ మాట చాటున చెప్పినప్పుడు. పరాయి నోటితో చెప్పించినప్పుడు. విచారించవలసినవాడే వ్యాపారి అయినప్పుడు.

అమెరికాలో 1995 చట్టం ప్రకారం లాబీ చేసేవారు పేరు నమోదు చేసుకుని, ఎవరి తరఫున, ఎంత డబ్బుతో పనిచేస్తున్నదీ చెప్పాలి. దానితో అక్కడ పైరవీలు పోలేదు. కాని లెక్క కనబడుతుంది. మన దేశంలో అటువంటి చట్టం లేదు. పొగాకు విషయంలో మాత్రం, 2005లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందంలో మనమూ ఉన్నాము. విధాన నిర్ణయాలను పొగాకు వ్యాపారుల ప్రయోజనాల నుంచి కాపాడాలని అందులో ఒక అధికరణమే ఉంది. 2020లో కేంద్ర ఆరోగ్య శాఖ తన ఉద్యోగులకు ఆ మేరకు నియమావళి చేసింది. కాని ఆరోగ్య శాఖ ఒక్కటే ప్రభుత్వం కాదు గదా! దేశంలోని అతి పెద్ద సిగరెట్టు కంపెనీలో మన జీవిత బీమా సంస్థ చాలాకాలంగా పెద్ద వాటాదారు. మనం ప్రాణానికి కట్టే ప్రీమియం కొంత, ప్రాణం తీసే వ్యాపారంలో పెట్టుబడి. ఒక చేత్తో బొమ్మ వేయమంటూ మరొక చేత్తో లాభం పంచుకునే ప్రభుత్వం దగ్గర పైరవీకి చోటు దొరకడంలో వింత ఏముంది?

బొమ్మ వల్ల ఏం ఒరిగిందని అడిగేవారున్నారు. 2009-10 సర్వేలో దేశంలోని పెద్దలలో 34.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు. 2016-17 సర్వే నాటికి అది 28.6 శాతానికి దిగింది. ఇదంతా బొమ్మ మహిమే అనలేము; పన్నులు, ప్రచారం, నిషేధాలు కూడా ఉన్నాయి. కాని పనికిరాని బొమ్మ కోసం పదేళ్ళు కొట్లాడేటంత అమాయకులు కారు కంపెనీలవారు.

మొన్న కొట్టు దగ్గర ఇంకొకటి చూశాను. తాతా మనుమరాలూ బయలుదేరుతూండగా కాలేజీ కుర్రవాడొకడు వచ్చి, "ఒకటివ్వు" అన్నాడు. కొట్టువాడు పెట్టె లోపలే ఉంచి, ఒక సిగరెట్టు తీసి చేతికిచ్చాడు. కుర్రవాడు బొమ్మ చూడనేలేదు. విడిగా అమ్మే సిగరెట్టు మీద ఏ హెచ్చరికా ఉండదు.

పిల్ల మాత్రం వాడిని చూసి ఆగింది. "ఆ అన్నయ్యకు బొమ్మ చూపించలేదేం తాతయ్యా?" అని అడిగింది.

ఈసారి పెద్దాయన నవ్వలేదు.